గాయని ఉన్న ఇల్లు

ఆ వీధిలో ఇళ్ళన్నీ పాతకాలం నాటివే. ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డట్టుంటాయి. వీధివైపు గోడకు మేకు కొట్టాలన్నా, తలుపు రంగు మార్చాలన్నా నగర కార్యాలయం అనుమతి కావాలి. అలాంటి ఓ ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. నిటారు మెట్లకి అలవాటు పడింది, వంటగదిలో తల వంచుకుని నడవడానికీ అలవాటు పడింది. ఒక్క టూరిస్టులకి మాత్రం అలవాటు పడలేకపోయింది.

మేడ మీద కిటికీ దగ్గర తప్ప ఇంట్లో ఇంకెక్కడా వెలుతురు చాలదు కాబట్టి కుట్టుమిషను అక్కడే పెట్టుకుంది. రోజూ పొద్దున్న ఒక గైడు గొడుగు ఎత్తి పట్టుకుని, వెనకాల ఓ గుంపుని వేసుకుని వచ్చి, సరిగ్గా ఆ కిటికీ కిందే ఆగేవాడు.

"నూరేళ్ళ కిందట ఈ ఇంట్లో ఒక గాయని ఉండేది. చీకటి పడగానే ఆవిడ ప్రియుడు ఇదిగో, గోడకున్న ఈ వాననీళ్ళ గొట్టం పట్టుకుని పైకి పాకేవాడు!"

అందరూ ఎగబడి గొట్టాన్ని ఫోటోలు తీసుకునేవారు. కోడలు తనలో తను నవ్వుకుని ప్యాంటు అంచులు మడిచి కుట్టుకునేది.

చలికాలం వచ్చింది. అంతదాకా వెనక గదిలో ఉండే అత్తగారు ఎండ కోసమని కుర్చీ ఈడ్చుకుని కిటికీ దగ్గరికి చేరింది. గైడు మాటలు చెవిన పడగానే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యోయ్, గొడుగబ్బాయ్! ఆ గొట్టం మా ఆయన బిగించింది. మా అబ్బాయి పుట్టిన ఏడు! నూరేళ్ళట, ప్రియుడట!"

కిందివాళ్ళు తెల్లబోయి తలలెత్తారు. ఇదీ టూరులో భాగమే కాబోలనుకుని చప్పట్లు కొట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఇల్లు ఊడ్చినందుకు గానీ, పిల్లాణ్ణి పెంచినందుకు గానీ అత్తగారికి ఎన్నడూ ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. మర్నాడు ఆవిడ తల నున్నగా దువ్వుకుని, పెట్టెలోంచి మంచి శాలువా తీసి కప్పుకుని కూర్చుంది.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పింది. కప్పు ఎక్కడెక్కడ కారుతుందో, ఏ మెట్టు కిర్రుమంటుందో. జనం ఆవలించారు. ఒకాయన మొహం వేలాడేసుకుని అడిగాడు: "అయితే గాయని లేదన్నమాట."

అత్తగారి మనసు కరిగిపోయింది. "లేకేం నాయనా? ఉంది. కానీ ఆ ప్రియుడు గొట్టం ఎక్కే రకం కాదు, భారీ మనిషి. బుట్టలో కూర్చోబెట్టి తాడుతో లాక్కునేది."

కోడలికి సూది వేలిలో దిగింది. "అత్తయ్యా!"

"నువ్వుండవే. ఆ అబ్బాయి కోతలు కోయొచ్చు గానీ, నేను చెబితే తప్పొచ్చిందా?"

ఇక రోజుకో ముచ్చట. తాడు తెగింది. పోలీసులొచ్చారు. గాయని పక్క ఊళ్ళో కచేరీకెళ్ళి ఇంకొకడి వంక చూసింది. నిన్న విన్నవాళ్ళు ఇవాళ చుట్టాల్ని వెంటేసుకుని వచ్చేవారు. కోడలు భర్తతో మొరపెట్టుకుంటే, "మా అమ్మని ఆపేంత ధైర్యం నాకుంటే ఇంకేం!" అని చల్లగా జారుకున్నాడు.

ఎదురింట్లో వాచీలు బాగుచేసే ఆయన మెట్లెక్కి వచ్చేసరికి తగువు తప్పదనుకుంది కోడలు. ఆయన బాధ వేరు. "చూడమ్మా, మా ఇల్లు మీ ఇంటికంటే పాతది. మీ అత్తగారు దాని గురించి ఒక్క ముక్కైనా అనరేం? మేం మనుషులం కామా?"

ఆ మర్నాడు గైడే స్వయంగా వచ్చాడు. "అక్కా, నాది గంట టూరు. ముప్పావు గంట మీ కిటికీ కిందే చెల్లిపోతోంది. వీధి చివర గోపురం చూపించి ఎన్నాళ్ళయిందో! ఆ గాయని కథేదో తేల్చేయమని కాస్త చెప్పక్కా."

అదృష్టవశాత్తూ అత్తగారి గొంతు పోయింది. జలుబు చేసి మాట పెగలడం లేదు. ఇదే అదను అనుకుని కోడలు మిషను ఆపి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మా అత్తయ్యకి బాగాలేదు. గాయని ఓ చలికాలం పోయింది. అంతే. ఇక మీరు వెళ్ళొచ్చు."

ఒక్కరూ కదల్లేదు. ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటూ అడిగింది: "పాపం, పోయేటప్పుడు ఏం వేసుకుందమ్మా?"

బట్టల సంగతి అడిగితే కోడలు ఊరుకోగలదా? నీలం పట్టు గౌను అంది. బుట్ట చేతులు, నడుము దగ్గర సన్న కుచ్చులు, వీపున ముత్యాల గుండీలు. ఆఖరి గుండీ ఊడిపోతే కుట్టుకోబోయి, సూదిలోకి దారం ఎక్కిస్తూనే కన్నుమూసిందంది. చెబుతూ చెబుతూ కిటికీలోంచి సగం బయటికి వంగింది. గైడు ముక్కు చీదుకున్నాడు. గంటా అయిపోయింది. గోపురం ఆరోజూ వీధి చివరే ఉండిపోయింది.

వెనక్కి తిరిగితే గదిలో అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది. "ఎవర్నడిగి చంపావే?" అని గుసగుసగా గర్జించింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. నోరు జారింది."

అత్తగారు కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత, "నీలం పట్టు బాగుంది," అంది. ఇంకాసేపటికి, "చెల్లెలుండేది," అంది.

"ఎవరికి?"

"దానికే. ఎదురింట్లో. వాచీలాయన్ని పిలువు."

మర్నాటి నుంచి గుంపు వీళ్ళ కిటికీ కింద కాసేపు నిట్టూర్చి, ఎదురింటికి జరిగి, అటునుంచి గోపురం దాకా నడవసాగింది. వాచీలాయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. గైడుకి ప్రాణం లేచొచ్చింది. కోడలికి వీధిలో సందడి తగ్గింది గానీ ఇంట్లో తగ్గలేదు. అత్తగారు కుర్చీ మీదికి ఎక్కినంత పని చేసి, మెడ సాచి ఎదురింట్లో వాచీలాయన చెప్పే కథ వింటోంది.

"అయ్యో రామ! చెల్లెలికి పెళ్ళి చేసేస్తున్నాడే ఇప్పుడే! కథ నడిపే తీరేనా అది?"

"ఎవరితోనట అత్తయ్యా?" అంటూ కోడలు మిషను మీంచి కాలు తీసింది.