డ్రైవరుగారి ఎండు బరువు

“డ్రై వెయిట్ చూసుకోవాలి” అని చిన్న డాక్టరమ్మ అన్నది. “డ్రైవర్ వెయిట్ చేసుకోవాలి” అని డ్రైవరుగారి భార్య విన్నది. ఆవిడ విని ఊరుకోక, మొగుణ్ణి జబ్బ పట్టుకుని డయాలిసిస్ హాల్లోంచి బయటికి నడిపించి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. లోపల మిషను సిద్ధం, మంచం సిద్ధం, సూదులు సిద్ధం. పొడిపించుకోవాల్సిన మనిషి మాత్రం మాయం. నర్సులు బాత్‌రూములు వెతికారు, లిఫ్టు వెతికారు, క్యాంటీన్‌లో టీ తాగే ప్రతి ముసలాయన మొహంలోకీ తొంగి చూశారు. చివరికి చిన్న డాక్టరమ్మే బయటికొచ్చి చూస్తే, ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

“ఇక్కడ కూర్చున్నారేంటండీ?”

“డ్రైవర్ని వెయిట్ చెయ్యమన్నారటగా తల్లీ, చేస్తున్నా. ఉద్యోగం పొడుగునా చేసిందదే. కండక్టరు విజిల్ వేస్తేగానీ కదిలే అలవాటు లేదు నాకు.”

హాలంతా నవ్వింది. సూదులు గుచ్చుకుని పడుకున్నవాళ్లు కూడా చెయ్యి కదలకుండా జాగ్రత్తగా నవ్వారు.

నవ్వులయ్యాక ఆమె మొగుడూ పెళ్లాలకి విడమరిచి చెప్పింది. మూత్రపిండాలు మొరాయించిన మనిషి తాగిన నీరు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే కాపురం పెడుతుంది. రోజు విడిచి రోజు మిషను వచ్చి దాన్ని ఖాళీ చేయిస్తుంది. ఎంత ఖాళీ చేయించాలో మిషనుకి తెలియదు, డాక్టరు చెప్పాలి. అదనపు నీరంతా పోయాక మనిషి తూగే బరువే డ్రై వెయిట్, అంటే ఎండు బరువు. డ్రైవరుగారిది అరవై రెండు కిలోలు. వచ్చేటప్పుడు ఎంత తూగినా, వెళ్లేటప్పుడు ముల్లు అరవై రెండు దగ్గర ఆగాలి.

“అదే నా స్టాపన్నమాట” అన్నాడాయన. “ఆపుతాను. నేను బ్రేకేస్తే వెనక సీట్లో గ్లాసులో నీళ్లు కూడా తొణికేవి కావు.”

“ఆ గ్లాసులో నీళ్లు మీరు తాగకపోతే అంతే చాలు.”

“తాగనిస్తుందా ఇది” అని భార్యని చూపించాడు. “ఇంట్లో కుళాయికి కూడా దీనికి తెలియకుండా కారే ధైర్యం లేదు.”

చిన్న డాక్టరమ్మ పేరుకి చిన్నదే గానీ చదువుకి చిన్నది కాదు. మామూలు డాక్టరై, తర్వాత పెద్ద డాక్టరై, అక్కడితో ఆగితే ఏం పోయిందో, కిడ్నీల ఫెలోషిప్‌లో చేరి మళ్లీ చిన్న డాక్టరైపోయింది. ఆ చదువులో చేరినవాళ్లని ఫెలో అంటారు. ‘ఎవడా ఫెలో’ అని జనం ఎవర్ని తిడతారో, ఆసుపత్రిలో ఎవర్ని వెతుకుతారో, ఆ రెండు పదవులూ ఒకరికే అన్నమాట. “ఫెలోషిప్ అంటే ఫెలో మునుగుతాడు, షిప్పు తేలుతుంది” అని వాళ్లాయన ఏడిపిస్తుంటాడు. ఆమె నవ్వదు. నవ్వే ఓపిక ఉంటే ఆ కాసేపూ నిద్రపోతుంది.

ఆ విభాగంలో పని తీరు ఇలా ఉండేది. ఫెలోలు నెలకొక చోటికి మారతారు: ఒక నెల వార్డు, ఒక నెల కిడ్నీ మార్పిడి, ఒక నెల డయాలిసిస్ హాలు. కొత్తగా హాల్లోకి వచ్చిన ఫెలోకి రోగుల ఎండు బరువులు పాతవాడి దగ్గర్నుంచి వారసత్వంగా దక్కుతాయి. ఉదయం రౌండ్లలో విభాగాధిపతి, అందరూ పెద్దాయన అంటారు, మంచం మంచానికీ నడుస్తూ ఒక్కటే అడుగుతాడు. “తూకానికి వచ్చాడా?” “వచ్చాడు సార్.” “తర్వాత.” ఫెలోలు మారేవాళ్లు, బరువులు మారేవి కావు. తూకం కుదిరిన మనిషి మంచం దగ్గర ఎవరూ ఆగేవారు కాదు. ఆగడానికి తూకం తప్పినవాళ్లే బోలెడంత మంది.

డ్రైవరుగారు ఏనాడూ తూకం తప్పలేదు. పెద్దాయన ఆయన్ని మిగతా రోగులకి చూపించి, “ఈయన్ని చూసి నేర్చుకోండి” అనేవాడు. మిగతా రోగులు ఆయన్ని చూసేవారు గానీ ఆ చూపులో నేర్చుకునే ఉద్దేశం కనబడేది కాదు.

చిన్న డాక్టరమ్మ వంతు తిరిగి మళ్లీ హాల్లోకి వచ్చిన నెల మొదట్లోనే ఆయనకి ఛాతీలో నెమ్ము చేరి జ్వరం వచ్చింది. మందులకి జ్వరం పోయింది. పోతూ పోతూ ఆకలిని వెంట తీసుకుపోయింది. ఏం తిన్నా మట్టి తిన్నట్టుందని పళ్లెం పక్కకి తోసేసేవాడు. అయినా హాలుకొచ్చి మిషను దిగి కాటా ఎక్కితే, ముల్లు అరవై రెండే.

“శభాష్” అన్నాడు పెద్దాయన. “తర్వాత.”

బీపీ పెరిగింది. చిన్న డాక్టరమ్మ ఒక మాత్ర చేర్చింది. ఇంకా పెరిగింది. ఇంకో మాత్ర చేర్చింది.

“ఈమధ్య పడుకుంటే ఊపిరాడట్లేదమ్మా” అన్నాడాయన ఒకరోజు. “కుర్చీలోనే నిద్రపోతున్నా. డ్యూటీలో కూడా ఇంత బాగా కూర్చుని నిద్రపోలేదు.”

“కొత్త మాత్ర కదండీ, పనిచెయ్యడానికి కాస్త టైం పడుతుంది.”

“ఇంకో చిత్రం చూశావా. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించాను. నడుం తగ్గింది, బరువు తగ్గలేదు. తెలివి పెరిగి తలకాయ బరువెక్కిందంటావా?”

ఆమె నవ్వింది. పక్క మంచంలో మనిషి పిక్కలు పట్టేసి కేకలు పెడుతుంటే అటు పరిగెత్తింది. ఆయన చెప్పింది చెవిదాకా వెళ్లి అక్కడే కూర్చుండిపోయింది.

డయాలిసిస్ లేని రోజున, పొద్దెక్కాక, ఆయన్ని భార్యా, ఆయన అక్కా చెరో రెక్కా పట్టుకుని మోసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. దగ్గితే గులాబీ రంగు నురగ వస్తోంది. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. కాటా మీద నిలబెట్టే స్థితి లేదు. చిన్న డాక్టరమ్మ ఆక్సిజన్ పెడుతూ, మిషను తెమ్మని అరుస్తూ, ఆ అరుపులోనే భార్య వైపు తిరిగింది.

“ఎన్ని నీళ్లు తాగించారమ్మా?”

“ఎప్పటిలాగే డాక్టరమ్మా, కొలిచే ఇచ్చాను.”

“కొలిచి ఇస్తే ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఇంటి కప్పులోంచి కారాయా?”

హాలంతా విన్నది. భార్య తల వంచుకుంది. అక్క తమ్ముడి చెయ్యి వదిలి మరదలి వైపు చూసింది.

మిషను వచ్చింది. గొట్టాలు తగిలించేలోపే గుండె ఆగింది.

ఆమె మంచం పక్కన స్టూలెక్కి రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. ఆ పని ఆమెకి కొత్త కాదు, అరచేతులు ఎన్నో ఛాతీలు ఎరిగినవే. కానీ ఇక్కడ అరచేతికి నేరుగా ఎముకలే తగిలాయి. విప్పిన చొక్కా కింద పక్కటెముకలు వేళ్లు పెట్టి లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. భుజాల దగ్గర గుంటలు. రెండు చేతులా స్టీరింగు తిప్పిన జబ్బలు ఎండుపుల్లల్లా పక్కకి వాలి ఉన్నాయి. చేతులు నొక్కుతూనే ఉన్నాయి, బుర్ర లెక్క కడుతూనే ఉంది. ఇంత కండ ఎప్పుడు పోయింది? ఇంత కండ పోతే తూకం తగ్గాలి కదా. తగ్గలేదంటే, పోయిన కండ చోట్లో ఏం వచ్చి కూర్చుంది?

కండ కరిగి నీరైందని జనం మాటవరసకి అంటారు. ఆమె చేతుల కింద ఆ మాట అక్షరాలా జరిగిపోయి ఉంది.

నొక్కడం ఆపమని పెద్దాయన భుజం తట్టేదాకా ఆమె ఆపలేదు.

తర్వాత పెద్దాయన ఆమెని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“గుండె ఆగింది” అన్నాడాయన. “అబద్ధమా?”

“కాదు సార్.”

“అయితే వాళ్లవాళ్లకి అదే చెప్పు. అంతకు మించి చెప్పకు.”

“జ్వరం తర్వాత ఆయనకి నాలుగైదు కిలోల కండ పోయింది సార్. మనం అరవై రెండే ఉంచాం. ప్రతిసారీ అంత నీరు ఒంట్లో వదిలేసి ఇంటికి పంపించాం. బీపీ పెరిగితే నీరు తియ్యాల్సింది పోయి మాత్ర వేశాను.”

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఆయన మొహం ఎవరి మొహమో అన్నట్టుంది. “శభాష్ అన్నది నేనే” అన్నాడు. “మీటింగులో చెప్పు. మనలో మనం. అందరి బరువులూ తిరగదోడదాం, కాదనను. బయట మాత్రం వద్దు. వాళ్ల కోపం ముందు నీ మీదే పడుతుంది. నీ శిక్షణ పూర్తయిందని రాయాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు, నా పైన కమిటీ ఉంది. ఇంత దూరం వచ్చి ఒడ్డున మునుగుతావా?”

“వాళ్లావిణ్ణి నీళ్లు తాగించావా అన్నాను సార్. అందరి ముందు.”

“కంగార్లో అన్నావు. ఈ దుఃఖంలో ఎవరికి గుర్తుంటుంది?”

ఆమె తలుపు మూసి వరండాలోకి వచ్చేసరికి అందరికీ అదొక్కటే గుర్తుంది.

“డాక్టరమ్మే అడిగింది కదే, ఎన్ని నీళ్లు తాగించావని” అంటోంది డ్రైవరుగారి అక్క. గొంతు పెద్దది కాదు, అందుకే ఇంకా దూరం వెళ్తోంది. “నోరు మెదిపావా?”

భార్య గోడకి జారగిలబడి నేల మీద కూర్చుంది. “రాత్రి ఒక్క గుక్క ఎక్కువిచ్చాను వదినా. నాలిక పిడచగట్టుకుపోయిందని బతిమాలారు. ఒక్క గుక్కే.”

“ఆ గుక్కతోనే నా తమ్ముణ్ణి ముంచేశావు.”

“అవును వదినా” అన్నది భార్య.

బెంచీల మీద మధ్యాహ్నం షిఫ్టు రోగులు వంతు కోసం కూర్చుని ఉన్నారు. నీళ్ల విషయంలో వాళ్లందరూ జడ్జీలే. ఒకరిద్దరు తలలూపారు కూడా.

చిన్న డాక్టరమ్మ నిలబడిపోయింది. ఎదటివాళ్లకి చుక్కలు లెక్కపెట్టి నీళ్లిమ్మని చెప్పే మనిషి, తను మాత్రం ధారాళంగా నీళ్లు నమిలింది. ఈ వరండాలో నోరు విప్పితే పోయేది పరువు, నోరు మూసుకుంటే మిగిలేది బరువు. ఆ ‘అవును వదినా’ అన్న మాట ఒకటి వినకపోయి ఉంటే లోపలికి వెళ్లిపోయేదేమో.

ఆమె వెళ్లి భార్య ఎదురుగా నేల మీద కూర్చుంది.

“మీరిచ్చిన గుక్కతో ఏం కాలేదమ్మా. నేను అడగకూడని మాట అడిగాను. తప్పు మా దగ్గర జరిగింది.”

అక్క “ఏమిటంటున్నారు?” అన్నది.

“జ్వరంతో ఆయన చిక్కిపోయారు. చిక్కినప్పుడు ఎండు బరువు తగ్గించి రాయాలి. మేం తగ్గించలేదు. పాత అరవై రెండునే నమ్మాం. దిండులో దూది తీసేసి తడిగుడ్డ కుక్కితే కాటాకి తేడా తెలుస్తుందా? తెలియదు. చేత్తో పట్టుకుని చూసేవాళ్లకి తెలుస్తుంది. నేను పట్టుకుని చూడలేదు. ఆయన ఊపిరాడట్లేదని చెప్పారు, నడుం తగ్గిందని కూడా చెప్పారు. నేను మాత్రలు రాశాను.”

లోపల ఏదో మిషను బీప్ బీప్ మంటుంటే ఎవరో వెళ్లి మీట నొక్కి ఆపారు.

“అయితే నీళ్లు కాదన్నమాట” అన్నది భార్య.

“నీళ్లేనమ్మా. మీరు పోసినవి కావు, మేం తియ్యనివి.”

“ఒక్క గుక్కకి ఏం కాదా?”

“ఏం కాదు.”

“ఇంకో రెండు గుక్కలు అడిగారు” అన్నది ఆవిడ. “ఇవ్వలేదు.”

అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ పక్కన కూలబడింది. పట్టుకోబోయింది గానీ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. భార్య ఆ చేతిని చూడలేదు.

బెంచీ చివర కూర్చున్న సన్నటి మనిషి లేచాడు. “డాక్టరుగారూ, నాకూ ఈమధ్య ప్యాంటు జారిపోతోంది. తూకం మాత్రం కరెక్టుగానే వస్తోందంటున్నారు.”

“చూస్తాను. మిమ్మల్నందర్నీ చూస్తాను. చూడకుండా ఇవాళ ఎవర్నీ మిషనెక్కించను.”

గది తలుపు తెరుచుకుని పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. ఆమెను ఆపలేదు, ముందుకూ రాలేదు. అదే సమయానికి అక్క మొగుడు హెల్మెట్ చేతిలో పట్టుకుని మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. నేల మీద కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లనీ చూసి, “ఏం జరిగింది? నీళ్లు తాగించిందట కదా” అన్నాడు.

“ఆవిణ్ణి అడగండి” అన్నది అక్క, డాక్టరమ్మ వైపు చెయ్యి చూపించి.

చిన్న డాక్టరమ్మ లేచి నిలబడింది. మళ్లీ జ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఈసారి గొంతు పెంచి, చివరి బెంచీకీ గుమ్మానికీ కూడా వినబడేలా, ఏదీ వదలకుండా చెప్పింది.