పద్మలోచన చేతిలో పాస్ కార్డు

నేను ఒక పాస్ కార్డును. ఆకుపచ్చ రంగు, మధ్యలో ఒకే మాట. బ్రిడ్జి ఆటలో ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే వేలంపాట నోటితో పాడరు. గొంతులో హెచ్చుతగ్గులు కూడా జతకు సంకేతమవుతాయని కార్డులు తీసి బల్ల మీద పెడతారు. "ఇక నేను పాడను" అని చెప్పడానికి నేనున్నాను. మనుషులకు ఇది ఎంత కష్టమైన మాటో పుట్టినప్పుడు నాకు తెలియదు.

ఏదో ప్లాస్టిక్ కార్ఖానాలో అచ్చువేసి, మూలలు గుండ్రంగా కోసి, తోటి కార్డులతో కలిపి నన్నొక పెట్టెలో సర్దారు. ఆ పెట్టె కాకినాడలో ఒక క్లబ్బుకు చేరింది. అక్కడ ప్రతి బుధవారం సాయంత్రం డూప్లికేట్ బ్రిడ్జి. ఒక బల్ల దగ్గర ఆడిన ముక్కలనే చెదరకుండా పక్క బల్లకు పంపుతారు. "ముక్కలు సరిగ్గా పడలేదండీ" అనే సాకు చెల్లదు. అందుకే కొత్తవాళ్ళలో సగం మంది రెండో వారం రారు.

పద్మలోచన, హైమవతి వచ్చారు. ఇద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. హైమవతికి యానాం బడిలో ఉద్యోగం ఇస్తామని కబురు తెచ్చినాయనకు, పద్మలోచన గుమ్మంలోనే "మా ఇంట్లో కుదరదండీ" అని చెప్పి పంపేసింది. హైమవతి అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. సంగతి ఆమెకు వారం తర్వాత తెలిసింది. తోడికోడలిని రోజూ బస్సు ప్రయాణం నుంచి కాపాడానని పద్మలోచన మనస్ఫూర్తిగా నమ్మింది. ఇదంతా నేను క్లబ్బులో టీ వేళ విన్నాను.

ఒకరికి తెలియకుండా ఒకరు క్లబ్బులో పేరిచ్చారు. మిగతావాళ్ళందరూ జతలు కుదుర్చుకున్నాక వీళ్ళిద్దరే మిగిలారు. ఆట నేర్పే జోసెఫ్ రత్నంగారు ఓడరేవులో పనిచేసి రిటైరైన మనిషి.

"మీరిద్దరూ కూర్చోండమ్మా," అన్నారాయన. "ఈ ఆటలో జత మాట్లాడుకోకూడదు. మీకు సగం వచ్చేసినట్టే."

మిగతా సగానికి మూడేళ్ళు పట్టింది. పద్మలోచన ఇంట్లో భోజనాల బల్ల మీద నాలుగు చేతులు పంచి, నలుగురి తరఫునా తనే పాడుకునేదట. హైమవతి ఓడిన ప్రతి ఆటనూ నోట్‌బుక్కులో రాసుకుని, ఎక్కడ తప్పిందో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకునేది. ఆఖరి స్థానం నుంచి మెల్లగా మూడో స్థానానికి వచ్చారు.

ఒక్క జబ్బు మాత్రం వదల్లేదు. ఎదుటివాళ్ళ పాట మీద హైమవతి 'డబుల్' కార్డు పెడితే, వాళ్ళు ఓడతారు, నువ్వు ఇక పాడకు అని జతకు చెప్పినట్టు. పద్మలోచన ఆపేది కాదు. తోడికోడలి చేతిలో ఏముంటుందిలే అన్నట్టు పై పాట పాడేసేది. ఆమె చెయ్యి నా మీదకు వచ్చి, ఒక క్షణం ఆగి, పక్కకు వెళ్ళిపోయేది. హైమవతి నోట్‌బుక్కులో అలా ఓడిన ఆటల పక్కన ఎర్ర సిరా ఉండేది కాదట, తప్పు తనది కాదు కనుక.

ఆ ఏడు రాష్ట్ర పోటీలు మా క్లబ్బులోనే జరిగాయి. మొదటి ఎనిమిది జతలు జాతీయ పోటీలకు వెళ్తాయి. ఆఖరి ఆట మొదలయ్యేసరికి మావాళ్ళు ఏడో స్థానంలో ఉన్నారు.

ఎదుటివాళ్ళు ఐదు డైమన్లకు పాడారు. హైమవతి డబుల్ పెట్టింది. పద్మలోచన చేతిలో ఆసు, రాజుతో కలిపి ఆరు ఇస్పేట్లున్నాయి. ఆమె వేళ్ళు పెట్టె దాకా వచ్చాయి. పక్కన ఐదు ఇస్పేట్ల కార్డు తళతళలాడుతోంది.

నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

హైమవతి నా వంక చూసింది. తర్వాత పద్మలోచన వంక చూసింది. ఆ తర్వాత ముక్కల్లోకి తల దించుకుంది.

ఎదుటివాళ్ళకు పదకొండు పట్లు కావాలి. సరిగ్గా పదకొండు వచ్చాయి. మావాళ్ళు తొమ్మిదో స్థానానికి జారిపోయారు.

వరండాలో బల్లలు మడుస్తుంటే హైమవతి నోరు విప్పింది. "నాదే తప్పక్కా. అంత తెగించి డబుల్ అనకూడదు."

నాలుగేళ్ళూ, మూడేళ్ళూ కలిపి అదే మొదటి మాట.

"నీదే," అంది పద్మలోచన. కాసేపు చీర కొంగు సర్దుకుంది. "ఇన్నాళ్ళూ నీ తప్పు నిన్ను చెయ్యనిచ్చేనా ఏంటి?"

హైమవతికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నేను చెప్పలేను, పెట్టె మూత వేసేశారు.

మరుసటి ఏడు ఇద్దరూ ఆరో స్థానం సంపాదించి జాతీయ పోటీలకు వెళ్ళారు. అక్కడ అరవై జతల్లో యాభై నాలుగు. తిరుగు రైల్లో సామర్లకోట దాకా ఒకే ఒక్క ఆట గురించి పోట్లాడుకుంటూ వచ్చారని రత్నంగారు మురిసిపోతూ చెప్పారు.

నా మూల ఒకటి విరగడంతో పెట్టెలోంచి తీసేశారు. ఇప్పుడు రత్నంగారి పాఠాల పుస్తకంలో పేజీ గుర్తుగా ఉన్నాను. కొత్తవాళ్ళకు మొదటిరోజు నన్ను పైకెత్తి చూపించి, ఎప్పుడు వాడాలో ఓపిగ్గా చెబుతారు. అర్థమైందని అందరూ తలలూపుతారు. ఆ వెంటనే అందరూ పాడతారు.