మిషను మింగిన షెడ్డు

ఉరవకొండ మండీ గేటు దగ్గర నలభై మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వేరుశనగకాయలు వొలిచే పని వాళ్లది. లోపల కొత్త మిషను ఆ పని చేస్తోంది. దాని దగ్గరికి ఆరుగురిని పిలిచి, తక్కినవాళ్లను పొమ్మన్న నోరు మేస్త్రీ తిప్పేస్వామిది.

నిరుడు ఇదే నోరు, "మూటకు పావలా కూలి తగ్గించుకోండమ్మా, ఆ దుడ్లతో షావుకారు మీకు నీడకు షెడ్డు ఏపిస్తాడు" అంది. వాళ్లు నమ్మి ఏడాదంతా ఎండలో వొలిచారు. షెడ్డు లేచింది. దాని కింద మిషను కూర్చుంది.

తిప్పేస్వామి బేరం తెలిసినవాడు. పెట్టుబడి ఆకాశం నుంచి ఊడిపడదని ఎరుగును. కాయలు వొలిచిన వేళ్లు మిగిల్చిన పావలాలే ఇనుమై వచ్చి, ఆ వేళ్లనే వద్దన్నాయి. ఆనాటి నుంచి ఆ ఆడవాళ్ల వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాడు.

జూన్‌లో వాన పడింది. రైతులు ఇంట్లో దాచిన కాయలను విత్తనానికి వొలిపించుకోవడానికి మండీకి వచ్చారు. మిషన్‌లో పడిన గింజ నూనెకు పనికొస్తుంది గాని, పొర లేచి మొలవదు. విత్తనం చేత్తోనే వొలవాలి. ఆడవాళ్లను మళ్లీ పిలుచుకు రమ్మని షావుకారు నారాయణశెట్టి మేస్త్రీని వాళ్ల వీధికి పంపాడు.

"ఏమప్పా, మిషనుకు జొరమొచ్చిందా?" అంది నల్లమ్మ. వీధంతా నవ్వింది.

"నేల పదును ఆరిపోతే మా చేను గూడా బీడే గదా! పోదాం పా," అంది తిరుపాలమ్మ.

"పోయి? విత్తనమైనాక మళ్లా గేటు బయటే!" అంది నల్లమ్మ.

తిప్పేస్వామి ఉండబట్టలేకపోయాడు. "ఆ మిషను మీ పావలాతోనే కొన్నాడు. నాకు ముందే తెలుసు. షెడ్డు మీకని అబద్ధం చెప్పినా."

తిరుపాలమ్మ అతని కాళ్ల ముందు ఉమ్మింది. "అయితే పగలగొడదాం పాండి!"

"మన దుడ్లతో కొన్నది మనమెందుకు పగలగొట్టుకోవాల?" అంది నల్లమ్మ. "అది మన పని పొద్దు తగ్గించల్ల గాని, మనల్ని కాదు. రైతుల కాయ వాళ్ల ఇండ్లకాడ వొలుద్దాం. అందర్నీ పనిలోకి తీసుకొనేదాకా మండీకి ఒక్క గింజ వొలవొద్దు."

మర్నాడు మిషను దగ్గరి ఆరుగురూ బయటికొచ్చారు. మిషను ఆగింది. మూడో రోజు పోలీసు జీపు వచ్చింది.

"పనాపించింది ఎవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్," అన్నాడు తిప్పేస్వామి. ఆ మాటతో గుండె బరువు దిగుతుందనుకున్నాడు.

నల్లమ్మ దిగనివ్వలేదు. "ఈయప్పకు అంత గుండె యాడుండాది సార్! ఆపింది మేము. రాసుకోండి, నలభై పేర్లు."

జీపులో చోటు చాలలేదు.

"టేషనుకు నడిచొస్తాం, ముందు మీరు పాండి," అంది తిరుపాలమ్మ.

ఆడవాళ్లు కదిలారు. వాళ్లతో కాయలు వొలిపించుకున్న రైతులూ ఖాళీ గోతాలు భుజాన వేసుకుని తోడు కదిలారు. తిప్పేస్వామిని ఎవరూ రమ్మనలేదు. అందరికంటే వెనక, తల వంచుకుని, అతనూ నడిచాడు.