ఖరాబైన మెమరీ

"మల్ల సేవ్ చేసుడు మర్చిపోయినవా?" అన్నడు మా ఆయన రాజేశ్, నేను పెనం మీద ఇంకో చపాతి ఏస్తుంటే.

ఆయనకు కోరుట్ల బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపు. నేను ఇంట్ల, మా అన్న కొనిచ్చిన కంప్యూటర్ మీద, జగిత్యాల లాయరు సంధ్యారాణి మేడంకు పిటిషన్లు టైపు చేసిస్త. కొన్నాళ్లుగా చేసిన ఫైళ్లు తెరుచుకుంటలెవ్వు. తెరుచుకున్నా నడుమల పిచ్చి గీతలు. ఒక్కోసారి తెర నీలమై, దానంతటదే బందయి మల్ల లేస్తది.

"బిడ్డను కన్నంక నీ మతి మతిల లేదు, జమునా" అని మా అత్త వజ్రమ్మ. "బంద్ చెయ్ ఆ పని. ఇల్లు సూస్కుంటే సాలదా" అని ఆయన. వినంగ వినంగ నా మీద నాకే అనుమానం పట్టుకుంది. గ్యాస్ బంద్ చేసినంక మల్ల పోయి చూస్తున్న. పాపకు మందు పోసిన్నా లేదా అని సీస ఎత్తి వెలుగుకు పెడుతున్న. నా చేతులు చేసింది నేనే నమ్ముతలేను.

మొన్న పొద్దున పాప పండుకున్నంక ఒక పేజీ టైపు చేసి, సేవ్ చేసి, ఫోన్ల తెర ఫోటో తీసుకున్న. మల్ల తెరిస్తే పేజీ పాడైంది. ఫోటోల శుభ్రంగ ఉంది.

పెండ్లైన కొత్తల షాపుల కూసోని రిపేర్లు నేనూ చేసినదాన్నే. జీతం లేకుండె గనక దాన్ని పనని ఎవరూ అనలేదు. మెమరీ టెస్టు పెట్టిన. తప్పులున్నయని వచ్చింది. కరెంటు తీసి, కంప్యూటర్ డబ్బ ఇప్పి, మెమరీ పట్టీలు, అదే ర్యాములు, రెండిట్ల ఒకటి పీకి, ఉన్నదాంతోని నడిపిన. తప్పులే. దాన్ని తీసి అదే సందుల రెండోది పెట్టిన. ఒక్క తప్పు లేదు.

ఖరాబుదాన్ని తిప్పి చూసిన. అన్న కొనిచ్చినప్పుడు రెండూ నల్లవి. ఇది ఆకుపచ్చది. నేను గాక ఆ డబ్బను రాజేశ్ తప్ప ఇప్పేటోళ్లు మా ఇంట్ల లేరు.

మంచిదొక్కదాంతోనే పిటిషన్ పూర్తి చేసి పంపిన. జర నెమ్మదిగ నడిచింది గని, ఒక్క అక్షరం పోలేదు.

పగటి అన్నానికి ఆయన వచ్చిండు. ఆకుపచ్చది పళ్లెం పక్కన పెట్టిన. "ఇదెక్కడిది?"

"గిరాకి అర్జెంటన్నడు. నీ దాంట్ల మంచిది తీసి ఆయనకు ఏసిన. నీది ఇంటి పనే గదా, నడుస్తదనుకున్న."

"ఖరాబని తెల్సా?"

"తెల్సు."

"మరి నా మతి పోయిందని అత్త అంటుంటే?"

"గంత పెద్ద ముచ్చటనా ఇది? సాయంత్రం వేరేది తెస్త తియ్."

కోపం కంటే ముందు భయమైంది. నేను గ్యాస్ కాడికి మల్ల మల్ల పోతుంటే ఈయన చూసుకుంట ఊకున్నడు. ఇంకేమేం నా తప్పులని నన్ను నమ్మిచ్చిండో!

ఆయన ముందటనే మేడంకు ఫోన్ చేసిన. "మేడం, సోమవారం నుంచి జగిత్యాల వచ్చి మీ ఆఫీసుల్నే టైపు చేస్త." మేడం సంతోషంగ సరేనన్నది.

అన్నం కలిపే చెయ్యి ఆపిండు రాజేశ్. "పాపనెవరు చూస్తరు?"

"నీ షాపుల ఉయ్యాల కడ్త" అన్న.