ఆపిన సీటు

బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే ఆమె ముందు తలుపు కమ్మీ పట్టుకుంది. ఎడమ చేతిలో క్యారేజీ సంచి, కుడి చేతిలో కమ్మీ, పళ్ళ మధ్య పాసు. ఆ మెట్టు ఎత్తు. యాభై రెండేళ్ళ ఒంటికి అది ఏటా ఒక అంగుళం పెరుగుతున్నట్టుంది. ఎక్కి, ఎడమవైపు అయిదో వరుసలో ఇద్దరు కూర్చునే సీటు చేరుకుని, కిటికీ పక్కన సంచి పెట్టి, తాను ఇవతల కూర్చుంది. అప్పుడుగాని నోట్లోంచి పాసు తీయలేదు.

ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఆరుంబావుకు ఆమె చేసే మొదటి పని ఇది. మొదటి పని అనడం తప్పు. నాలుగింటికే లేచి అన్నావదినలకు, వాళ్ళ ముగ్గురు పిల్లలకు వంట చేసి, నీళ్ళు పట్టి, వసారాలో తన పడక చుట్టి బీరువా వెనక నిలబెట్టి వచ్చింది. కాని అవన్నీ ఇంటి పనులు. తనకోసం తాను చేసుకునేది ఈ సీటు ఆపడం ఒక్కటే.

చేతిలో ఫైలు పట్టుకున్న లావుపాటి మనిషి వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడెవరమ్మా?"

"వస్తారండీ. నాలుగో స్టాపులో."

"నాలుగో స్టాపులో ఎక్కేవాళ్ళకి ఇక్కణ్ణుంచే సీటా? బాగుంది! మా ఆవిడ పుట్టింటినుంచి పై నెలలో వస్తోంది, ఆవిడక్కూడా ఒకటి ఆపి పెట్టండి."

వెనక ఇద్దరు నవ్వారు. ఆమె తల వంచుకుంది గాని సంచి మీద చెయ్యి తియ్యలేదు. కండక్టరు అక్కణ్ణుంచే కేకేశాడు. "ఆ సీటు జోలికి పోకండి సార్. ఆవిడకి మాట రాదు గాని, సంచి కూడా కదలదు."

ఈ బస్సు నగరంలో బయలుదేరి, గంటా పది నిమిషాలకు ఒక చిన్న ఊళ్ళో ఆగుతుంది. ఆ ఊళ్ళో పెద్దాస్పత్రి ఉంది. దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు కుట్టే గదిలో ఆమె పని. అక్కడ అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. పెద్ద నర్సు కూడా ఎప్పుడైనా దాన్ని చదవాలంటే ఒక క్షణం ఎవరా అని చూస్తుంది.

నాలుగో స్టాపులో టైపిస్టమ్మ ఎక్కింది. అదే ఊళ్ళో కోర్టు ఆఫీసులో టైపు చేస్తుంది. భారీ మనిషి, కుడి మోకాలు వంగదు, గొంతు మాత్రం బస్సు ఆ కొసకు వినిపిస్తుంది.

"జరుగు పిల్లా. నా మోకాలు నాకన్నా ముందే రిటైరయింది, నేను ఇవాళ అవుతున్నా."

మిషనమ్మ లేచి, ఆవిడను కిటికీ పక్కకు పోనిచ్చి, సంచి ఒళ్ళో పెట్టుకుంది. పొద్దున ఆమె డిపోలో ఎక్కి ఆపుతుంది. సాయంత్రం టైపిస్టమ్మ ఆ ఊరి స్టాండులో ఎక్కి, మూడో స్టాపయిన ఆస్పత్రి దగ్గర ఈమె ఎక్కేదాకా ఆపుతుంది. ఆపిన సీటు మనిషి వచ్చేదాకా ఆపినట్టే. ఆ ఒప్పందం ఎవరూ నోటితో అనుకున్నది కాదు. ఇన్నేళ్ళలో ఒకరింటికొకరు వెళ్ళలేదు. రోజుకు దాదాపు రెండు గంటలు భుజం భుజం రాసుకుంటూ కూర్చునేవాళ్ళకు మళ్ళీ ఇళ్ళెందుకు? టైపిస్టమ్మకు ఏ పన్ను ఎప్పుడు పీకారో మిషనమ్మకు తెలుసు. ఆమెకు రావలసిన సంబంధం ఎందుకు వెనక్కి పోయిందో, తర్వాత ఇంకొకటి ఎవరూ ఎందుకు వెతకలేదో టైపిస్టమ్మకు తెలుసు.

"ఏం, ఆలోచించావా?" అంది టైపిస్టమ్మ, ఆ గొంతుకు సాధ్యమైనంత చిన్నగా.

వారం కిందట అడిగింది. ఆవిడ పిన్ని పోతూ పోతూ ఒక చిన్న ఇల్లు రాసిపోయింది. రెండు గదులు. రాత్రంతా రైల్లో పోతే తెల్లవారి వచ్చే ఊరు. ఇవాళ ఆఫీసు అయిపోగానే సాయంత్రం ఏడుంబావు రైలుకు ఆవిడ వెళ్ళిపోతోంది. "ఒక్కదాన్నే ఉంటే గోడలతో మాట్లాడి పిచ్చెక్కిపోతా. నువ్వూ వచ్చెయ్యి. కుట్టేదానికి ఏ ఊరైతేనేం? ఇవాళే రైలెక్కమనడం లేదు, వస్తానను చాలు. రెండో గది నీకు ఉంచుతా," అంది. ఆ గది కోసం ఆవిడ పెద్దమ్మ కూతురు కాచుకుని ఉంది. రేపు రైలు దిగేసరికి స్టేషన్లో నిలబడి అడుగుతుంది. అందుకని జవాబు ఇవాళ కావాలి.

మిషనమ్మ నోరు తెరిచింది. "అక్కా, వదిన నడుము..."

"ఇప్పుడొద్దు." టైపిస్టమ్మ ఆమె చేతిమీద చరిచింది. "నీకు పొద్దున పూట భయాలెక్కువ. సాయంత్రం ఈ సీట్లోనే చెప్పు, అడ్రసు కూడా అప్పుడే రాసిస్తా. సీటు ఆపుతా. నువ్వు రాలేదనుకో, అదే జవాబనుకుంటా. మళ్ళీ అడిగి నిన్ను చంపను. సరేనా?"

"సరే అక్కా."

"సరేనట! ఇరవై రెండేళ్ళుగా నీ నోట విన్న మాట అదొక్కటే. కాదు అనడం నేర్చుకోవే, ఆరోగ్యానికి మంచిది."

కుట్టు గది నేల మట్టానికి కిందుగా ఉంటుంది. ఉన్న ఒక్క కిటికీ పైకప్పుకు ఆనుకుని ఉండడంతో అందులోంచి మనుషుల పాదాలే కనిపిస్తాయి. పరుగెత్తే పాదాలు, ఈడ్చుకుంటూ పోయే పాదాలు, చక్రాల మంచం తోసే పాదాలు. మొదట్లో ఆమె పాదాలను బట్టి లోపలి సంగతి ఊహించేది. ఇప్పుడు చూడదు.

రోగుల దుప్పట్లు ఎప్పుడూ నడిమినే చీకిపోతాయి. అంచులు కొత్తగానే ఉంటాయి. అలాంటి దుప్పటిని నిలువునా రెండుగా కోసి, అంచులను మధ్యకు తెచ్చి కలిపి కుడితే ఇంకో రెండేళ్ళు వస్తుంది. రోజుకు పన్నెండు చేస్తుంది. ఇవాళ ఏడోది కుడుతుండగా, మధ్యాహ్నం, కాలు పెడలు మీద ఆడుతుండగానే, "వస్తానక్కా," అంది పైకి.

మిషను ఆపి వింది. గదిలో ఎవరూ లేరు. మాట ఎక్కడా తడబడలేదు.

మళ్ళీ అని చూసింది. "వస్తాను."

ఆ తర్వాత భయాలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. వంట ఎవరు చేస్తారు? వదిన చేస్తుంది. వదిన నడుము? పెద్దపిల్ల చెయ్యి వేస్తుంది. అన్నయ్య ఏమంటాడు? ఏమీ అనడు, పేపరు తిప్పుతాడు. ఎలా వెళ్ళాలో, ఏం పట్టుకెళ్ళాలో కూడా లెక్క వేసుకుంది. రెండు చీరలు చేతిసంచిలో, నాలుగు పెట్టెలో. అంతే. ఇంత చిన్న మూటకా ఇన్నాళ్ళూ భయపడింది? పన్నెండో దుప్పటి అయిపోయేసరికి ఆమె ఆ ఇంట్లో కిటికీకి తెర కొలతలు కూడా అనుకుంటోంది. ఎన్నడూ చూడని కిటికీ.

అయిదుకు పది నిమిషాలుందనగా పెద్ద నర్సు చేతినిండా గౌన్లతో వచ్చింది.

"మిషనమ్మా, చాకలి మిషన్లో వేసి నాడాలన్నీ పీకేశాడు. పద్దెనిమిది గౌన్లు. అరగంట పని నీకు."

"ఇవాళ నేను..."

"రేపు పొద్దున్నే ఆపరేషన్లమ్మా. నాడాల్లేకుండా డాక్టర్లని ఎలా నిలబెట్టను? పట్టుకుని నిలబడమంటావా?" అని తన మాటకు తానే నవ్వి, గౌన్లు బల్లమీద పోసి వెళ్ళిపోయింది.

కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఎప్పటిలాగే దంతాల దగ్గర ఆగింది. సరేలే, బస్సు అయిదుంబావుకు కదా అనుకుని కూర్చుంది. ఎప్పుడూ కుట్టనంత వేగంగా కుట్టింది. పదిహేనో గౌను దగ్గర గోడ గడియారం చూసింది. అయిదూ పన్నెండు. సూదిని బట్టలోనే దించేసి, దీపం కూడా ఆర్పకుండా లేచింది. పని మధ్యలో వదిలేసి లేవడం ఆమె జన్మలో అదే మొదలు.

మెట్లు, వరండా, మందుల కిటికీ ముందు వరస, పక్క గేటు. పెద్ద గేటు చుట్టు తిరుగుడని పక్క గేటులోంచి పరుగెత్తింది. బస్సు అప్పటికే కదులుతోంది. రోజూ ఎక్కే ముందు తలుపు దాటిపోయింది. వెనక తలుపు కమ్మీ చేతికి దొరికింది. ఎవరో రెక్క పట్టి లోపలికి లాగారు.

"పడితే ఆస్పత్రి పక్కనే ఉందిగా అని ధైర్యమా అమ్మా?" అన్నారెవరో.

జనం కిక్కిరిసి ఉన్నారు. ముంజేతుల కిందనుంచి దూరి అయిదో వరుస చేరింది. సీటు ఖాళీ. రెండు స్థానాలకూ అడ్డంగా ఒక నీలం మెత్త పెట్టి ఉంది. ఎవరూ దాన్ని కదపలేదు. ఆఫీసు కుర్చీలో వేసుకునే మెత్త అది. టైపిస్టమ్మ దాని గురించి చాలాసార్లు చెప్పింది, చూడడం ఇదే మొదలు. వెళ్ళిపోతూ తెచ్చేసుకుందన్నమాట.

"ఇక్కడావిడ?" అని పక్క సీటు ముసలాయన్ని అడిగింది.

"ఇప్పుడే లేచి ముందుకెళ్ళిందమ్మా."

తనకోసమే ముందు తలుపు దగ్గర చూస్తోంది కాబోలు. జనంలో ఇరుక్కుంది. పల్చబడగానే వస్తుంది. మిషనమ్మ మెత్తను కిటికీ పక్కన సర్ది, తాను ఇవతల కూర్చుని, దానిమీద చెయ్యి వేసింది. పిలుద్దామా అనుకుంది. అంతమంది మీదుగా కేక పెట్టడం ఆమె చేతకాని పని. వస్తుందిలే, సీటు ఇక్కడుందిగా.

బిడ్డనెత్తుకున్న ఒకామె వచ్చి, "జరుగుతారా?" అంది. "మనిషి ఉన్నారమ్మా, ముందున్నారు," అంది. ఆ మాట అంటుంటే సిగ్గేసింది. అయినా జరగలేదు. లోలోపల జవాబు సర్దుకుంటూనే ఉంది. వస్తానక్కా అనాలా, సరే అక్కా అంటే చాలా? సరే అంటే నవ్వుతుంది. వస్తాననే అనాలి.

ఇటుక బట్టీలు పోయాయి. చెరువు పోయింది. ఆగే చోటే లేని పొడవాటి రోడ్డు వచ్చింది. జనంలోంచి ఈదుకుంటూ కండక్టరు ఆ వరుసకు వచ్చేసరికి నలభై నిమిషాలు అయింది. ఆమెను చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"మీరిక్కడున్నారేంటమ్మా! ఆవిడ మీకోసమే ఆస్పత్రి దగ్గర దిగింది. 'రెండు నిమిషాలు ఆపు నాయనా, లోపలుంటుంది, పట్టుకొస్తా' అని పెద్ద గేటువైపు కుంటుకుంటూ పోయింది. ఆపాను. ఎంతసేపని ఆపను? వెనకనుంచి ఎక్కారా మీరు?"

ఆమె మెత్తవైపు చూసింది.

"నేను దిగిపోతా," అంది. అది ఎంత చిన్నగా అందంటే, కండక్టరు అప్పటికే పక్క వరుసకు టికెట్టు చింపుతున్నాడు.

ఆరూ ఇరవైకి బస్సు నగరంలో స్టాండుకు చేరింది. మెత్త చంకలో పెట్టుకుని దిగింది. స్టేషనుకు పోదామా? అక్క తనను వెతుక్కుంటూ ఇక్కడికే వస్తే? వెతుక్కునే ఇద్దరిలో ఒకరైనా కదలకుండా ఉండాలి, లేకపోతే ఎప్పటికీ కలవరు. ఉండిపోయింది. సిమెంటు బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. వచ్చే ప్రతి బస్సు నుదుటి బోర్డు చదివింది. చదివిందే మళ్ళీ చదివింది.

తర్వాతి బస్సు ఏడూ అయిదుకు వచ్చింది. దిగే ప్రతి మొహం చూసింది. ఆఖరున కండక్టరు దిగాడు.

"ఒకావిడ... లావుగా, కుడికాలు వంగదు..."

"ఆవిడా? రైలు గేటు దగ్గరే దిగిపోయిందమ్మా. రైలు టైమయిందని."

"ఏమన్నా అన్నారా?"

కండక్టరు ఆలోచించాడు. "ఏమీ అనలేదు. పాపం, ఆస్పత్రి దగ్గర ఎక్కింది. ఎవరూ సీటివ్వలేదు. అక్కడిదాకా నిలబడే వచ్చింది."

మిషనమ్మ "సరే," అంది. ఇంకేమనాలో తెలియక రెండోసారి కూడా, "సరే," అంది.

ఏడుంబావు అయినప్పుడు ఆమె ఇంటి సందు మొదట్లో ఉంది. రైలు కూత అక్కడికి వినిపించదు.

వదిన వాకిట్లోనే ఎదురయింది. "ఇంత ఆలస్యమేం? పిల్లలు ఆకలని ఒకటే గోల. ఇదేంటి, చంకలో?"

ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? బస్సులో తప్ప ఇంకెక్కడా లేని మనిషి గురించి వదినకు ఇన్నేళ్ళలో ఒక్క మాట కూడా చెప్పలేదు.

"బస్సులో ఎవరో మర్చిపోయారు వదినా."

"మంచిదే, గట్టిగానే ఉంది. మీ అన్నయ్య నడుముకి పనికొస్తుంది." వదిన దాన్ని రెండుసార్లు దులిపి, ముందు గదిలో కుర్చీలో వేసింది. మిషనమ్మ చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. ఆస్పత్రిలో నాలుగు గౌన్లు మిగిలాయి, రేపు అయిదింటి బస్సుకే పోవాలి అనుకుంది. అనుకుంటూనే పొయ్యి వెలిగించింది.

అన్నయ్య వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. "ఏదో గుంటలో కూర్చున్నట్టుంది," అని, లేచి మంచం మీదికి పోయి పేపరు తీశాడు. కుర్చీలో నీలం మెత్త మిగిలింది. అంచులు ఎత్తుగా, కొత్తగా ఉన్నాయి. మధ్యలో, కాస్త ఎడమకు ఒరిగి, కుడికాలు చాపుకుని కూర్చునే మనిషి వదిలిన లోతు ఎంత దులిపినా పోకుండా అలాగే ఉంది.