వియ్యంకుల నీడలు

పొద్దున్నే పనికి బయల్దేరేముందు కోడలు రెండు కప్పుల టీ తెచ్చి వరండాలో పెట్టేది. మధ్యలో స్టూలు, దానికి ఇటు మామగారి కుర్చీ, అటు ఆమె తండ్రి కుర్చీ. రెండు కప్పులూ ఒకేసారి కింద పెట్టాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా అయిందో, ముందు ఎవరిది పెట్టిందన్న దాని మీద మధ్యాహ్నం దాకా మాట నడిచేది.

ఇద్దరూ భార్యలు పోయినవాళ్ళే. ఇద్దరూ ఆ ఊరికి హెవీవెయిట్ చాంపియన్లుగా వెలిగినవాళ్ళే. మామగారిని జనం కొండ అనేవారు. తండ్రిని మెరుపు అనేవారు. కొండ గ్లవ్స్ విప్పేసిన ఏడాదికి మెరుపు ఇంకా బడి ఎగ్గొట్టే వయసులో ఉన్నాడు. అందుకే ఇద్దరూ రింగులో ఎదురుపడే అవకాశం రానేలేదు. తర్వాత ఒకరి కొడుక్కి ఒకరి కూతుర్నిచ్చి వియ్యంకులయ్యారు. మెరుపు ఒంటరివాడయ్యాక కూతురు తెచ్చి మేడ మీద గదిలో పెట్టుకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఇరుగుపొరుగు చెప్తూనే ఉన్నారు.

గొడవంతా ఒక్కదాని గురించే. ఇద్దరూ మంచి వయసులో ఉండగా తలపడితే ఎవరు గెలిచేవారు?

"నన్ను అందుకుంటే కదా బావగారూ, మీరు కొట్టేది," అనేవాడు మెరుపు.

"ఎంతసేపని పరిగెడతారు బావగారూ? రింగుకి మూలలు నాలుగే కదా," అనేవాడు కొండ.

మా కాలంలో పదిహేను రౌండ్లు ఆడేవాళ్ళం, మీరు పన్నెండుకే నిమ్మరసం అడిగేవారు అని ఒకరు. మీ కాలంలో ఎదుటివాడు కూడా చెట్టులా నిలబడేవాడు, నరకడానికి తెలివెందుకు అని ఇంకొకరు. మంగలి షాపు కొండ వైపు, చేపల బజారు మెరుపు వైపు. ఊరంతా ఈ వాదం మీదే రెండుగా చీలి హాయిగా బతికేస్తోంది.

ఆ ఊళ్ళో నీడలకి వయసు రాదు. మనిషి ఏ వయసులో తన పూర్తి సత్తా మీద ఉంటాడో, నీడ ఆ వయసుదే. పిల్లల నీడలు నీళ్ళలా కదులుతుంటాయి, వాళ్ళ సత్తా ఏ వయసుదో ఇంకా తేలలేదు కాబట్టి. పెద్దవాళ్ళవి కుదురుకుంటాయి. కొండ ఇప్పుడు కర్ర లేకుండా అడుగు వేయలేడు, కానీ నీడకి కర్ర ఉండదు. దాని భుజాలు ఎంత వెడల్పంటే, ఎండాకాలం బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కాస్త జరగండి పెద్దాయనా అని ఆ నీడలో సర్దుకునేవారు. మెరుపు చేతులు వణుకుతాయి, టీ సగం కప్పే పోయాలి. ఆయన కుర్చీలో కదలకుండా కూర్చున్నా వెనక గోడ మీద నీడ మాత్రం కాలు నిలవకుండా గెంతుతూనే ఉంటుంది.

కోడలి నీడని ఎవరూ పట్టించుకోలేదు, ఆమెతో సహా. ఆమె పెద్ద హోటల్ వెనక లాండ్రీలో పనిచేసేది. తడిసిన దుప్పట్లని మిషన్ డ్రమ్ములోంచి చుట్టలు చుట్టలుగా బయటికి లాగడం ఆమె పని. ఇద్దరు మగాళ్ళు కలిసి లాగేది ఒక్కతే లాగేది. వస్తూ పోతూ చేతుల్లో ఏదో ఒక బట్టల మూట ఉండేది కాబట్టి, నీడ చేతుల చివర గుండ్రంగా ఏదైనా కనిపిస్తే మూటలే అనుకున్నారు.

చిన్నప్పుడు తండ్రి పెరట్లో ఆమె చేత ఇసుక సంచిని కొట్టించేవాడు. ఎడమ చెయ్యి ఎలా చాచాలో, పాదం ఎక్కడ పెట్టాలో అన్నీ నేర్పాడు. కానీ ఆ రోజుల్లో ఆమె బరువుకి సరిపడే ఆడపిల్ల చుట్టుపక్కల ఎక్కడా లేదు, పోటీలూ లేవు. దెబ్బ ఉంది తల్లీ, తినేవాళ్ళే లేరు అని తండ్రి నవ్వి ఊరుకున్నాడు. ఆమె కూడా నవ్వి, సంచి విప్పి మడతపెట్టేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ సంగతి తల్చుకోవడం కూడా మానేసింది.

ఇలా ఉండగా ఊళ్ళో కొత్త బాక్సింగ్ హాలు కట్టారు. క్లబ్బు సెక్రటరీ ఇంటికొచ్చి, హాలుకి ఊరి హెవీవెయిట్లందరిలోకీ గొప్పవాడి పేరు పెడతామన్నాడు. ఎవరి పేరో మీరే తేల్చి చెప్పండి అని, నిప్పు అంటించినవాడిలా మెల్లగా జారుకున్నాడు.

అప్పటిదాకా వేడుకగా ఉన్న వాదం ఆ రోజునుంచి విషమైపోయింది. కోడలి భర్త, కళ్ళద్దాల షాపు నడుపుకుంటూ ఏనాడూ నోరెత్తనివాడు, మా నాన్న తర్వాతే ఎవరైనా అనేశాడు. మరి మా నాన్న ఎవరికి తీసిపోయాడని ఆమె అడిగింది. ఆ మాటతో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగిపోయాయి. వారం తిరక్కుండా మెరుపు మేడ మీద ట్రంకు పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. బస్టాండు దగ్గర గది చూసుకున్నాను, ఒకరి కొంపలో ఒకరి మాట పడుతూ ఉండలేనన్నాడు. వణికే చేతులతో ఆయన చొక్కా మడవలేక మళ్ళీ మళ్ళీ మడుస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. కింద మామగారు టీ ముట్టకుండా కూర్చున్నాడు.

ఆమె వరండాలోకి తండ్రిని కూడా పిలిచింది.

"మీ ఇద్దరూ మాటలతో తేల్చలేరు. నీడలతో తేల్చుకోండి. రెఫరీగా నేనుంటాను. ఓడినవాళ్ళు ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కొండ తలూపాడు.

ఆదివారం సాయంత్రం కొత్త హాలు పడమటి గోడ ముందు ఊరంతా చేరింది. సున్నం కొట్టిన గోడ, ఇంకా పేరు రాయలేదు. వియ్యంకులిద్దరికీ కుర్చీలు వేసి, ఆమెతో సహా మిగతావాళ్ళంతా పక్కలకి జరిగారు. ఎండ వాలేకొద్దీ నేల మీది నీడలు లేచి గోడెక్కాయి. సెక్రటరీ గంట కొట్టాడు.

అలాంటి పోటీ ఆ ఊళ్ళో ముందెప్పుడూ జరగలేదు. మెరుపు నీడ ఎడమ చేత్తో చిటికెలు వేసినట్టు కొట్టి, కొండ తిరిగేలోపు ఇంకోవైపు తేలేది. కొండ నీడ మాత్రం ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు, వానలో నడిచే ఎద్దులా తల దించుకుని ముందుకే పోయింది. మొదట్లో చేపల బజారు కేకలు పెట్టింది. నాలుగైదు రౌండ్లు గడిచాక కొండ డొక్కలో కొట్టిన దెబ్బకి మెరుపు కాళ్ళు బరువెక్కాయి, ఈసారి మంగలి షాపు లేచి నిలబడింది. ఆపైన ఒకటి అటు, ఒకటి ఇటు. చివరికి రెండు నీడలూ ఒకదాన్నొకటి గట్టిగా పెనవేసుకుని నిలిచిపోయాయి.

గంట మోగింది, విడిపోలేదు. ఆమె విడిపొమ్మని అరిచింది, వినలేదు. అప్పుడే ఆమె కుర్చీల వైపు చూసింది. మామగారి పెదాలు పాలిపోయాయి. తండ్రి ఛాతీ పట్టుకుని ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. నీడలు పడే కష్టం వాళ్ళ ఒంటికే తగులుతోంది.

నీడని నీడే ముట్టుకోగలదు. ఆమె పరుగున వెళ్ళి కుర్చీల మధ్య నిలబడింది.

గోడ మీద మూడో నీడ లేచింది. కొండంత వెడల్పు, మెరుపంత నిలువు. రెండు చేతుల చివరా గుండ్రంగా గ్లవ్స్. ఆమె తన చేతులు చూసుకుంది. సబ్బు నీళ్ళకి పగిలిన ఉత్త చేతులు, మూటలు కూడా లేవు.

ఆ నీడ ఇద్దరి ఛాతీల మీద చెరో చెయ్యి వేసి తోసింది. గోడ మీది చాంపియన్లిద్దరూ చెరో కొసకీ జారిపోయారు. కొండకి రోషం వచ్చి ముందుకు ఉరికాడు. ఎడమ చెయ్యి నుదుటి మీద తగిలింది, కూలబడ్డాడు. మెరుపు పక్కనుంచి దూరబోయాడు. కుడి చెయ్యి తగిలింది, ఆయనా కూర్చున్నాడు. తర్వాత నీడలు రెండూ లేవలేదు. కుర్చీల్లో ఇద్దరికీ ఊపిరి కుదుటపడింది.

ముందు కొండ నవ్వాడు, భుజాలు కదిలేలా.

"ఆ ఎడమ చూశారా బావగారూ?"

"నేను నేర్పిందే బావగారూ," అన్నాడు మెరుపు. కళ్ళు తుడుచుకుంటూ కూతురి వైపు తిరిగాడు. "నీ రోజులు దాటిపోయాయనుకున్నాను తల్లీ. ఇంకా రానేలేదు."

ఆ రాత్రి ట్రంకు పెట్టెలోంచి చొక్కాలు మళ్ళీ కొక్కేలకెక్కాయి, వాటిని తగిలించింది భర్తే. తన తండ్రి తర్వాతే ఎవరైనా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని భార్యతో చెప్పాడు. హాలుకి పేరు సంగతి సెక్రటరీ ఎత్తలేదు, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆడవాళ్ళకీ హెవీవెయిట్ పోటీలున్నాయి. పక్క ఊళ్ళో లారీ నడిపే పిల్ల చాంపియన్, ఇరవై నాలుగేళ్ళది. ఎదురు నిలిచేవాళ్ళు లేక గెలిచిన బెల్టు ఊరికే మేకుకి వేలాడుతోంది. కోడలి తరఫున సెక్రటరీ ఆ పిల్లకి పోటీ కబురు పెట్టాడు. ఆ చలికాలమంతా కోడలు లాండ్రీ నుంచి తిన్నగా హాలుకి వెళ్ళేది. భర్త వంట నేర్చుకున్నాడు, మొదట్లో అన్నీ మాడ్చాడు. తండ్రి కాళ్ళ కదలిక నేర్పితే మామగారు ఓర్పు నేర్పాడు.

పోటీ రోజున హాల్లో కాలు పెట్టే చోటు లేదు. మొదటి రెండు రౌండ్లూ కోడలికి కలిసిరాలేదు. లారీ పిల్లది చురుకైన చెయ్యి, కొట్టింది కొట్టినట్టు తగిలింది. మూలకొచ్చి కూర్చుంటే ఒక చెవిలో తండ్రి వెనక్కి జరగమంటాడు, రెండో చెవిలో మామగారు ముందుకి తోసుకుపొమ్మంటాడు. ఆమె నోట్లోంచి పళ్ళ మీది రబ్బరు తొడుగు ఉమ్మేసింది.

"నాన్నా, మామయ్యా, ఇద్దరూ కాసేపు ఊరుకోండి."

ఇద్దరూ నోరు మూసుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా అనడం అదే మొదలు.

గంట మోగగానే ఆమె గెంతనూ లేదు, తోసుకుపోనూ లేదు. డ్రమ్ము ముందు నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం దించి ఆగింది. లారీ పిల్ల వచ్చి మీద పడింది. నీళ్ళు తాగిన దుప్పటిని లాగే ఊపు అడుగునుంచి, తొడల్లోంచి, వీపులోంచి వచ్చి కుడి చేతిలో చేరింది. ఆ ఒక్క దెబ్బకి పిల్ల తాళ్ళ మీద వాలి, మోకాళ్ళ మీదకి జారింది. ధైర్యవంతురాలు, లేచింది. మళ్ళీ అదే ఊపు, ఈసారి ఎడమ. రెఫరీ పది లెక్కపెట్టేసరికి అంకెలు వినపడనంత గోల.

ఆమె చెయ్యి పైకెత్తారు. లాండ్రీ ఆడవాళ్ళు బెంచీలెక్కి నిలబడ్డారు. భర్త ఏడుస్తూ కళ్ళద్దాలు ఎక్కడో పారేసుకున్నాడు. లారీ పిల్ల లేచి వచ్చి ఆమెని వాటేసుకుని, అక్కా, ఆ దెబ్బ ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. పనిలో, అని చెప్పింది ఆమె.

ఆ పిల్ల కోచ్ తాళ్ళ దగ్గరికొచ్చాడు. ఎండాకాలంలో ఇంకొక్కసారి ఆడిస్తారా అని వియ్యంకులనే అడిగాడు. ఇద్దరూ జవాబు చెప్పబోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆమె వైపు తిరిగారు.

"వస్తాను," అంది ఆమె. "ఈసారి మీ ఊళ్ళో పెట్టండి."