మా ఇంటి ముంగట టెంటా?

గుమాస్తా గిరిప్రసాద్ యాభయ్యో ఏట తునిలో సైకిలెక్కి అప్పటికి ఎనిమిది రోజులు. ఆదిలాబాద్ దాకా తొక్కుతానని, ఎక్కడా గది బుక్ చేయనని, పొద్దుగూకిన చోటే టెంటు వేసుకుంటానని ఆఫీసులో కోతలు కోసి మరీ బయల్దేరాడు. దారిలో బడి వరండాలు, పెట్రోలు బంకులు కాదనలేదు. ఉప్పల్ చేరాక మాత్రం పప్పులుడకలేదు. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ పొమ్మన్నాడు. పార్కుకి తాళం. నాచారం ఫ్యాక్టరీ గోడ పక్కన ఆగితే కుక్కలు ఊరుకోలేదు. మోకాళ్లు మొరాయించాయి. ఇంకొక్క ఇల్లు అడుగుతాను, కాదంటే సైకిలు బస్సు మీద పడేసి ఇంటికి పోతాను, ఎవడు నవ్వితే నాకేంటి అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు పాపం.

సందు చివర రేకుల ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా ఉంది. గేటు దగ్గర ఓ పెద్దావిడ నిలబడి ఉంది.

"అమ్మా, మీ ఇంటి ముందు టెంటు వేసుకోవచ్చాండి?"

ఆవిడ ముఖం నల్లబడింది. "నీ నోట్ల మన్నువడ! మా ఇంటి ముంగట టెంటెందుకు? మా ముసలాయన దవాఖానల ఉన్నడు గని, సచ్చిపోలే!"

పక్కింటి దుర్గమ్మ గోడమీంచి తొంగిచూసింది. "అయ్యో శ్యామలక్కా, ఉప్పలయ్య బావ ఎప్పుడు పోయిండే?" అంటూ అప్పుడే కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ కండ్లు మండ, లోపలికి పో!"

అప్పటికి గాని గిరిప్రసాద్ బుర్రకెక్కలేదు. ఆ సందులో టెంటంటే షామియానా. అది ఇంటి ముందు పడిందంటే పెళ్లన్నా కావాలి, చావన్నా కావాలి.

"తప్పయిందమ్మా. నేను పడుకోడానికండి, ఒక్క మనిషి పట్టే గుడ్డ టెంటు. వద్దులెండి." సైకిలు వెనక్కి తిప్పాడు.

"ఆగు. పండుకునుడేనా? గా ముక్క ముందుగాల జెప్పరాదు?" శ్యామలమ్మ అతని దుమ్ముకొట్టుకుపోయిన కాళ్లు చూసింది. "వరండల మా ఆయన మంచం ఖాళీగనే ఉంది. గురక వెడ్తవా?"

గిరిప్రసాద్ సిగ్గుపడ్డాడు. ఆ గురకకే భార్య అరుణకుమారి అతన్ని హాల్లోకి తరిమి నాలుగేళ్లయింది. "పెడతానండి. కాస్త గట్టిగానే."

"మంచిగైంది. నలభై ఏండ్ల సంది గా సప్పుడుల పండుకున్న. వారం దినాలాయె, ఇంట్ల ఉలుకు పలుకు లేక కన్ను మూతవడ్తలేదు బిడ్డా." ఆవిడ గేటు బార్లా తీసింది. "ఇంత తిని పండుకో."

తెల్లారి ఏడింటికి అతనికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి శ్యామలమ్మ గురక వినిపిస్తోంది, అతని గురకకేం తీసిపోదు. బయల్దేరదామని గేటు మీద చెయ్యి వేస్తే అది కిర్రుమంది. చటుక్కున చెయ్యి తీసేసి, వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఎండెక్కితే ఎక్కింది, ఆదిలాబాద్ ఎక్కడికీ పోదు.